భోగరాజు పట్టాభి సీతారామయ్య

భోగరాజు పట్టాభి సీతారామయ్య (నవంబరు 24, 1880 - డిసెంబరు 17, 1959) భారత స్వాతంత్ర్య సమరయోధుడు, వైద్యుడు, పత్రికా సంపాదకుడు, ఆంధ్రా బ్యాంకు వ్యవస్థాపకుడు, కాంగ్రెసు చరిత్రకారుడు. మచిలీపట్నం కేంద్రంగా ఐదు దశాబ్దాల పాటు ప్రజాజీవితం గడిపాడు. 1948లో భారత జాతీయ కాంగ్రెసు అధ్యక్షుడిగా, 1952 నుండి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరుగా పనిచేశాడు. 1939లో సుభాష్ చంద్ర బోసు చేతిలో ఓడిపోయిన అభ్యర్థిగాను, ఆంధ్రా బ్యాంకు స్థాపకుడిగాను ఈయన పేరు ఎక్కువమందికి తెలుసు. అయితే భారత సైనికులను ప్రజల సమ్మతి లేకుండా విదేశీ యుద్ధాలకు పంపే అధికారం ఎవరికి ఉన్నదన్న ప్రశ్నపై కాంగ్రెసు సాగించిన సుదీర్ఘ చర్చలో ఈయన పాలుపంచుకోవడమే గాక, ఆ చర్చను గ్రంథస్థం చేసి భావితరాలకు అందించాడు.

బాల్యము, విద్యాభ్యాసము

పట్టాభి సీతారామయ్య గుండుగొలను గ్రామంలో ఒక సామాన్య నియోగి బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. ఈ గ్రామం ప్రస్తుతం ఏలూరు జిల్లా భీమడోలు మండలంలో ఉంది. తండ్రి ఆదాయం స్వల్పం కావడంతో బాల్యం ఇబ్బందులతోనే గడిచింది. ఏలూరులో పాఠశాల చదువు ముగించి, మచిలీపట్నం నోబుల్ కళాశాలలో ఎఫ్.ఏ. చదివాడు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో 1900లో బి.ఏ. పూర్తి చేశాడు. తరువాత మద్రాసులోనే వైద్యవిద్య అభ్యసించి ఎం.బి.సి.ఎం. పట్టా పొందాడు.

మచిలీపట్నంలో వైద్యవృత్తి, జాతీయ విద్య

వైద్యపట్టా పుచ్చుకున్నాక బందరులో వైద్యవృత్తి ప్రారంభించాడు. అప్పటికి బందరు రేవుగా పూర్వవైభవం కోల్పోయినా, జిల్లా కేంద్రంగా, విద్యాకేంద్రంగా పేరు నిలుపుకొన్నది. 1902లో అక్కడ ప్రారంభమైన కృష్ణాపత్రిక ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలో జాతీయభావాలకు వేదిక అయింది. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశంలో జరిపిన పర్యటన స్వదేశీ ఉద్యమానికి ఊపు తెచ్చింది. ఆ ప్రభావంతో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య కలిసి ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించారు. 1910లో ప్రారంభమైన ఈ కళాశాలలో మామూలు చదువుతో పాటు చేతిపనులు, చిత్రకళ నేర్పేవారు. త్రివర్ణ పతాక రూపకర్తగా పేరొందిన పింగళి వెంకయ్య కూడా ఇక్కడ పనిచేశాడు. ఆయన యువకుడిగా బ్రిటిషు సైన్యంలో చేరి దక్షిణాఫ్రికాలోని బోయరు యుద్ధానికి వెళ్ళివచ్చినవాడు.

పట్టాభి సుమారు పదేళ్ళు వైద్యం చేసి మంచి పేరు, ఆదాయం సంపాదించాడు. ప్రజాజీవితానికి పూర్తికాలం వినియోగించే ఉద్దేశంతో వృత్తిని విడిచిపెట్టాడు. 1916 నుండి అఖిల భారత కాంగ్రెసు సంఘంలో సభ్యుడిగా ఉన్నాడు. 1919లో జన్మభూమి అనే ఆంగ్ల వారపత్రికను ప్రారంభించి 1930 వరకు నడిపాడు.

ఆంధ్రోద్యమం, ఆర్థిక సంస్థలు

1913లో బాపట్లలో జరిగిన తొలి ఆంధ్ర మహాసభ నాటి నుండి ప్రత్యేక ఆంధ్ర రాష్ట్ర వాదనకు పట్టాభి గట్టి మద్దతుదారు. భాషను బట్టి రాష్ట్రాలను పునర్విభజించాలని వాదిస్తూ 1916లో ఆంగ్లంలో ఒక గ్రంథం ప్రచురించాడు. ఆయన, కొండా వెంకటప్పయ్య ప్రభృతుల పట్టుదల వలన కాంగ్రెసు ఆంధ్రదేశాన్ని ప్రత్యేక విభాగంగా గుర్తించింది. 1918లో ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘం ఏర్పడింది. 1920లో నాగపూరు కాంగ్రెసు భాషాప్రాతిపదికను దేశమంతటికీ వర్తింపజేసింది.

రైతులు, చిన్న వర్తకులు వడ్డీవ్యాపారుల చేతుల్లో చిక్కుకోకుండా స్వదేశీ బ్యాంకు ఉండాలన్న ఆలోచనతో ఆంధ్రా బ్యాంకును స్థాపించాడు. ఇది 1923 నవంబరు 20న నమోదై, నవంబరు 28న మచిలీపట్నంలో లావాదేవీలు ప్రారంభించింది. ప్రారంభ మూలధనం లక్ష రూపాయలు. 1925లో ఆంధ్ర ఇన్సూరెన్సు కంపెనీ స్థాపనలోను ఈయన పాత్ర ఉంది. ఆంధ్రా బ్యాంకు 1980లో జాతీయమై, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకు ఆఫ్ ఇండియాలో విలీనమైంది.

భారత సైన్యం, విదేశీ యుద్ధాలు: నేపథ్యం

పట్టాభి రాజకీయ జీవితాన్ని అర్థం చేసుకోవడానికి ఆనాటి సైన్యం సంగతి కొంత తెలియాలి. ఈస్టిండియా కంపెనీ కాలంలో మద్రాసు సైన్యంలో తెలుగువారు గణనీయంగా ఉండేవారు. 19వ శతాబ్ది చివరికి ఉత్తరాది వారిలో కొన్ని జాతులు మాత్రమే యుద్ధానికి తగినవన్న సిద్ధాంతం బ్రిటిషు అధికారులలో బలపడి, తెలుగువారి భర్తీ చాలావరకు నిలిచిపోయింది. అయినా సైన్యపు ఖర్చు భారత రైతు కట్టే శిస్తు నుండే వచ్చేది. కృష్ణా డెల్టా వంటి సస్యశ్యామల ప్రాంతం నుండి భూమిశిస్తు, నీటితీరువ హెచ్చుగా వసూలయ్యేవి. అందువలన సైన్యానికి మనుషులను ఎక్కువగా పంపని జిల్లాలకు కూడా సైన్యం ఎక్కడ పోరాడుతున్నదన్నది సొంత విషయమే.

1858 నాటి చట్టం ప్రకారం దండయాత్రను తిప్పికొట్టడానికి తప్ప, సరిహద్దుల అవతలి యుద్ధాలకు భారత ఆదాయాన్ని ఖర్చు చేయాలంటే బ్రిటిషు పార్లమెంటు ఉభయసభల అనుమతి కావాలి. అంటే అనుమతి అనేది చట్టంలో ఉన్నది. కాని అది ఇచ్చేవారు లండనులో ఉన్నారు. ఖర్చు భరించేవారు, ప్రాణాలొడ్డేవారు ఇక్కడ ఉన్నారు. 1885లో బొంబాయిలో జరిగిన మొదటి కాంగ్రెసు మహాసభ పెరుగుతున్న సైనిక వ్యయాన్ని ఆక్షేపించింది; ఎగువ బర్మాను కలుపుకోవడాన్ని వ్యతిరేకించింది. 1919, 1935 చట్టాల ద్వారా శాసనసభలు విస్తరించినా, రక్షణ వ్యవహారాలు గవర్నరు జనరల్ చేతిలోనే ఉండిపోయాయి.

మొదటి ప్రపంచయుద్ధం, సహాయ నిరాకరణం

1914లో మొదటి ప్రపంచయుద్ధం మొదలైనప్పుడు భారతదేశాన్ని ఎవరూ అడగలేదు. అయినా జాతీయ నాయకులలో అధికులు బ్రిటనుకు సహాయపడటానికే మొగ్గు చూపారు. సహాయానికి ప్రతిఫలంగా స్వపరిపాలన లభిస్తుందని వారి ఆశ. పది లక్షలకు పైగా భారతీయులు ఫ్రాన్సు, మెసొపొటేమియా, ఈజిప్టు, తూర్పు ఆఫ్రికా రంగాలకు వెళ్ళారు. సుమారు 74 వేలమంది మరణించారు. 1917లో భారత ప్రభుత్వం పది కోట్ల పౌండ్లను బ్రిటనుకు కానుకగా ఇచ్చింది. 1918లో గాంధీ స్వయంగా గుజరాతులోని ఖేడా జిల్లాలో సైన్యభర్తీకి తిరిగాడు. బాలగంగాధర తిలక్ మాత్రం రాజకీయ హక్కులు ఇస్తేనే సైన్యభర్తీకి సహకారమన్న షరతు ముందుంచాడు.

యుద్ధవార్తలు డెల్టా గ్రామాలకు కొత్త మార్గాలలో చేరాయి. ఆంధ్రపత్రిక 1914లో మద్రాసు నుండి దినపత్రికగా వెలువడసాగింది. అదే ఏట బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. పల్లెల్లోని గ్రంథాలయాలలో ఒకరు పత్రిక చదువుతుంటే పదిమంది వినేవారు. దూరదేశపు యుద్ధం ధాన్యం ధరగాను, కిరోసిను, బట్టల కొరతగాను ఇంటింటికీ తెలిసివచ్చింది.

యుద్ధం తరువాత లభించినవి రౌలట్ చట్టం, జలియన్‌వాలాబాగ్ కాల్పులు. టర్కీ విషయంలో ఇచ్చిన మాట తప్పారని ముస్లిములు ఆగ్రహించారు. 1920 సెప్టెంబరులో కలకత్తాలో జరిగిన ప్రత్యేక కాంగ్రెసు ఆమోదించిన సహాయ నిరాకరణ కార్యక్రమంలో ఒక అంశం తరచుగా మరపున పడుతుంది. మెసొపొటేమియాలో పనిచేయడానికి సైనికులుగా, గుమాస్తాలుగా, కూలీలుగా ఎవరూ చేరరాదన్నది ఆ అంశం. బిరుదులు వదలడం, కోర్టులు మానడం వంటి అంశాలతో సమానంగా దీనిని చేర్చారు. మరుసటి ఏడు, 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెసు సంఘం బెజవాడలో సమావేశమై, కోటి రూపాయల తిలక్ స్వరాజ్య నిధి, కోటి సభ్యత్వాలు, ఇరవై లక్షల రాట్నాలు లక్ష్యంగా ప్రకటించింది. ఈ కాలంలో పట్టాభి ఆంధ్రలో గాంధీ మార్గానికి ప్రధాన వ్యాఖ్యాతలలో ఒకడయ్యాడు.

1927లో చైనాలో అంతర్యుద్ధం చెలరేగినప్పుడు బ్రిటిషు ప్రయోజనాల రక్షణకై భారత దళాలను షాంఘైకి పంపారు. ఆ ఏడాది డిసెంబరులో డా. అన్సారీ అధ్యక్షతన మద్రాసులో జరిగిన కాంగ్రెసు ఆ దళాలను వెనక్కు పిలవాలని కోరింది. సామ్రాజ్యవాద యుద్ధంలో భారతదేశం భాగస్వామి కాజాలదని అదే సభలో తీర్మానించింది. తరువాతి పన్నెండేళ్ళ వాదమంతా ఈ తీర్మానంపైనే నిలిచింది.

జైలుజీవితం, కాంగ్రెసు చరిత్ర రచన

1930 ఉప్పు సత్యాగ్రహంలో పట్టాభి మచిలీపట్నం వద్ద శాసనోల్లంఘనకు నాయకత్వం వహించి జైలుకు వెళ్ళాడు. 1932లో తిరిగి కారాగారవాసం అనుభవించాడు. 1930వ దశకంలో కాంగ్రెసు కార్యవర్గంలో సభ్యుడిగా ఉన్నాడు.

1935లో కాంగ్రెసు స్వర్ణోత్సవ సందర్భంగా ఆ సంస్థ చరిత్రను ఆంగ్లంలో రచించాడు. బాబూ రాజేంద్రప్రసాద్ పీఠిక రాసిన ఈ గ్రంథం కాంగ్రెసు అధికారిక చరిత్రగా గుర్తింపు పొందింది. తీర్మానాలను, వాటి పూర్వాపరాలను క్రమంగా కూర్చడం ఇందులోని విశేషం. సంస్థానాల ప్రజల హక్కుల కోసం పనిచేసిన అఖిల భారత సంస్థాన ప్రజల మహాసభకు 1936లో కరాచీలో అధ్యక్షత వహించాడు. 1937 - 40 మధ్య ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘానికి అధ్యక్షుడిగా ఉన్నాడు. అందువలన రెండవ ప్రపంచయుద్ధం ఆరంభమయ్యేనాటికి జాతీయ కార్యవర్గంలోను, ఆంధ్ర కాంగ్రెసులోను బాధ్యత ఆయన భుజాలపై ఉంది.

సైన్యభర్తీ చట్టం, త్రిపురి ఎన్నిక

1938 ఫిబ్రవరిలో హరిపుర కాంగ్రెసు యుద్ధప్రమాదాన్ని గురించి మళ్ళీ తీర్మానించింది. భారత ప్రజల సమ్మతి లేనిదే వారి మానవశక్తిని, వనరులను బ్రిటిషు సామ్రాజ్యం కోసం వాడరాదన్నది సారాంశం. అదే ఏడు ఆగస్టు, సెప్టెంబరు నెలలలో ప్రభుత్వం సిమ్లాలో కేంద్ర శాసనసభ ముందు ఒక బిల్లు పెట్టింది. సైన్యంలో చేరవద్దని బహిరంగంగా ప్రచారం చేయడం దీని ప్రకారం నేరం. భూలాభాయ్ దేశాయ్, సత్యమూర్తి ప్రభృతులు దీనిని తీవ్రంగా వ్యతిరేకించారు. ముస్లిం లీగు సవరణలతో బలపరచడంతో బిల్లు నెగ్గింది. సైన్యాన్ని ఎక్కడికి పంపాలన్నది చర్చించే హక్కు లేకపోగా, సైన్యంలో చేరవద్దని చెప్పే హక్కు కూడా దీనితో పోయింది.

1939 జనవరి 29న కాంగ్రెసు అధ్యక్ష ఎన్నిక జరిగింది. మౌలానా ఆజాద్ పోటీ నుండి తప్పుకోగా, గాంధీ వర్గం అభ్యర్థిగా పట్టాభి నిలిచాడు. సుభాష్ చంద్ర బోసుకు 1,580 ఓట్లు, పట్టాభికి 1,377 ఓట్లు వచ్చాయి. ఈ ఓటమిని గాంధీ తన సొంత ఓటమిగా ప్రకటించడం దేశమంతటా సంచలనం కలిగించింది. దీనిని వ్యక్తుల మధ్య పోటీగానే చూడటం పరిపాటి. కాని అసలు భేదం రాబోయే యుద్ధం విషయంలో ఉంది. యూరపు సంక్షోభాన్ని అవకాశంగా తీసుకొని బ్రిటనుకు ఆరు నెలల గడువు ఇచ్చి, స్వాతంత్ర్యం ఇవ్వకపోతే సామూహిక ఉద్యమం నడపాలని బోసు త్రిపురిలో ప్రతిపాదించాడు. దేశం అందుకు సిద్ధంగా లేదని గాంధీ వర్గం భావించింది. ఏప్రిల్‌లో బోసు రాజీనామా చేయగా రాజేంద్రప్రసాద్ అధ్యక్షుడయ్యాడు. ఆయన కార్యవర్గంలో పట్టాభి సభ్యుడు.

ఈజిప్టు, సింగపూరులకు దళాలు: 1939

1939 ఆగస్టులో, యుద్ధం ఇంకా ఆరంభం కాకముందే, ప్రభుత్వం ఒక భారతీయ బ్రిగేడును ఈజిప్టుకు, మరొకదానిని సింగపూరుకు పంపింది. శాసనసభ సమ్మతి లేకుండా దళాలను విదేశాలకు పంపరాదని కేంద్ర శాసనసభ అంతకుముందే అభిప్రాయం తెలియజేసి ఉన్నది. దానిని పట్టించుకోలేదు. ఆగస్టు రెండవ వారంలో వార్ధాలో సమావేశమైన కాంగ్రెసు కార్యవర్గం ఈ చర్యను ఖండించి, కేంద్ర శాసనసభలోని కాంగ్రెసు సభ్యులు తరువాతి సమావేశానికి హాజరు కారాదని ఆదేశించింది. యుద్ధ సన్నాహాలకు తోడ్పడవద్దని రాష్ట్రాల కాంగ్రెసు మంత్రివర్గాలకు గుర్తుచేసింది.

సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో ఏ భారతీయ నాయకునితోను, ఏ శాసనసభతోను సంప్రదించకుండా భారతదేశం యుద్ధంలో ఉన్నదని ప్రకటించాడు. కెనడా, దక్షిణాఫ్రికా వంటి డొమినియన్లలో పార్లమెంటులు చర్చించి నిర్ణయించుకున్నాయి. దక్షిణాఫ్రికాలో ఆ చర్చ ప్రధానమంత్రినే మార్చివేసింది. భారతదేశంలో చర్చకే తావు లేదు. సెప్టెంబరు 14న కాంగ్రెసు కార్యవర్గం సుదీర్ఘ ప్రకటన వెలువరించింది. ఫాసిజాన్ని, నాజీజాన్ని ఖండించింది. యుద్ధం ప్రజాస్వామ్యం కోసమే అయితే ఆ ప్రజాస్వామ్యం భారతదేశానికి వర్తిస్తుందా అని ప్రశ్నించి, యుద్ధలక్ష్యాలను స్పష్టం చేయమని కోరింది. అక్టోబరు 17 నాటి వైస్రాయి జవాబు నిరాశ కలిగించింది. కార్యవర్గం పిలుపుపై అక్టోబరు చివర మద్రాసులో రాజాజీ మంత్రివర్గం, తరువాత మిగతా కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేశాయి.

ఏకాభిప్రాయం లేని చర్చ

యుద్ధం విషయంలో కాంగ్రెసులోనే అనేక దృక్పథాలు ఉన్నాయి. గాంధీ మొదట బ్రిటనుకు నైతిక మద్దతు షరతులు లేకుండా ఇవ్వాలన్నాడు. అహింసావాదిగా సైనిక సహాయానికి ఎన్నడూ సమ్మతించలేదు. నెహ్రూ ఫాసిస్టు వ్యతిరేకి. అయినా బానిసదేశం ఇతరుల స్వాతంత్ర్యం కోసం పోరాడటంలో అర్థం లేదని తలచాడు. రాజాజీ జాతీయ ప్రభుత్వం ఏర్పరిస్తే యుద్ధంలో పూర్తిగా సహకరించవచ్చునన్నాడు. 1940 జులైలో పూనా సమావేశం రాజాజీ మార్గాన్నే అంగీకరించి, బ్రిటను తిరస్కరించిన తరువాత సెప్టెంబరులో బొంబాయిలో తిరిగి గాంధీ నాయకత్వానికి వచ్చింది.

కాంగ్రెసు బయట కూడా భేదాలు ఉన్నాయి. జస్టిస్ పార్టీ, జమీందారులలో పలువురు ప్రభుత్వాన్ని సమర్థించారు. ఎం.ఎన్. రాయ్ ఫాసిజం ఓటమే ముఖ్యమని యుద్ధాన్ని బలపరిచి 1940లో ర్యాడికల్ డెమొక్రటిక్ పార్టీ స్థాపించాడు. ఆయన భావాలకు తెనాలి ప్రాంతంలో ఆదరణ లభించింది. రచయిత త్రిపురనేని గోపీచంద్ ఆంధ్రలో ఆ పార్టీ కార్యదర్శిగా పనిచేశాడు. కృష్ణా జిల్లాలో బలపడుతున్న కమ్యూనిస్టులు మొదట దీనిని సామ్రాజ్యవాద యుద్ధమని వ్యతిరేకించారు. 1941 జూన్‌లో హిట్లరు సోవియట్ యూనియనుపై దాడి చేశాక క్రమంగా వైఖరి మార్చుకొని ప్రజాయుద్ధమన్నారు. 1942లో వారిపై నిషేధం తొలగింది. అదే ఏడు బెజవాడ నుండి ప్రజాశక్తి వారపత్రిక వెలువడింది. ఈ విధంగా డెల్టాకు తలవాకిట ఉన్న ఇబ్రహీంపట్నం, బెజవాడల నుండి సముద్రతీరాన ఉన్న బందరు వరకు, ఒకే జిల్లాలో ఒకే యుద్ధాన్ని గురించి పరస్పర విరుద్ధమైన ప్రచారాలు సాగాయి.

సైన్యంలో చేరినవారి సంగతి వేరు. భారతీయులకు నిర్బంధ సైనికసేవ లేదు. సుమారు రెండు లక్షలున్న సైన్యం యుద్ధాంతానికి 25 లక్షలకు పెరిగింది. ఇందులో మద్రాసు రాష్ట్రం వారు కూడా పెద్దసంఖ్యలో ఉన్నారు. రద్దయిన మద్రాసు రెజిమెంటును 1941లో పునరుద్ధరించారు. జీతం, భోజనం, కుటుంబపోషణ చాలామందిని సైన్యం వైపు నడిపించాయి. స్వచ్ఛందంగా చేరారు కనుక దేశం సమ్మతించినట్లేనని ప్రభుత్వ వాదన. ఒక వ్యక్తి ఉద్యోగంలో చేరడం వేరు, ఒక జాతి యుద్ధానికి సమ్మతించడం వేరని కాంగ్రెసు వాదన.

వ్యక్తి సత్యాగ్రహం

ఈ వాదనకు కార్యరూపమే వ్యక్తి సత్యాగ్రహం. 1940 అక్టోబరు 17న వార్ధా సమీపంలోని పౌనారులో వినోబా భావే దీనిని ప్రారంభించాడు. యుద్ధాన్ని గురించి తన అభిప్రాయం చెప్పుకునే హక్కు ప్రతి మనిషికీ ఉండాలన్నదే ఇందులోని కోరిక. గాంధీ ఎంపిక చేసినవారు ముందుగా అధికారులకు తెలిపి, నలుగురిలో నిలిచి, బ్రిటిషువారి యుద్ధానికి మనుషులనుగాని ధనాన్నిగాని ఇచ్చి తోడ్పడటం తప్పని చెప్పేవారు. వెంటనే భారత రక్షణ నిబంధనల కింద అరెస్టు జరిగేది. ఊరేగింపులు, హర్తాళ్ళు లేవు. ప్రభుత్వాన్ని స్తంభింపజేసే ఉద్దేశం లేదు. దక్షిణాదిలో టంగుటూరి ప్రకాశం తొలుత సత్యాగ్రహం చేసిన ప్రముఖులలో ఒకడు. 1941 మే నాటికి దేశమంతటా ఇరవై వేలమందికి పైగా జైళ్ళకు వెళ్ళారు. ఆ ఏడాది డిసెంబరు ఆరంభంలో ప్రభుత్వం సత్యాగ్రహులను విడుదల చేసింది. కొద్దిరోజులకే జపాను యుద్ధంలోకి దిగింది.

యుద్ధం తీరానికి చేరిన 1942

1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపానుకు లొంగిపోయింది. పట్టుబడినవారిలో భారత సైనికులు సుమారు నలభై వేలమంది. 1939 ఆగస్టులో సమ్మతి లేకుండా సింగపూరుకు పంపిన బ్రిగేడు మలయా పోరులో దాదాపు నాశనమైంది. బర్మా, మలయాలలోని తెలుగు కుటుంబాలకు ఇది దూరపు వార్త కాదు. రంగూను రేవులో, ధాన్యపు మిల్లులలో వేలాదిమంది తెలుగు కూలీలు పనిచేసేవారు. 1941 డిసెంబరు 23న రంగూనుపై బాంబులు పడ్డాక వారిలో ఎందరో అరకాను, అస్సాం అడవుల మీదుగా కాలినడకన స్వదేశం చేరడానికి బయలుదేరారు. చాలామంది దారిలోనే చనిపోయారు. మలయా రబ్బరు తోటల్లోని తమిళ, తెలుగు కూలీలను జపానువారు సయాం - బర్మా రైలుమార్గం పనికి తరలించారు.

ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. తీరప్రాంత పట్టణాల నుండి ప్రజలు లోపలి ఊళ్ళకు తరలిపోసాగారు. బర్మా బియ్యం ఆగిపోయి ధాన్యం ధరలు పెరిగాయి. మరొకరి కోసం విదేశాలలో పోరాడటమన్న ప్రశ్న ఇప్పుడు సొంత గడ్డను ఎవరు, ఏ అధికారంతో రక్షించాలన్న ప్రశ్నగా మారింది. మార్చి - ఏప్రిల్‌లో వచ్చిన క్రిప్సు రాయబారం ప్రధానంగా రక్షణశాఖపై అధికారం విషయంలోనే విఫలమైంది. రాజాజీ ముస్లిం లీగుతో ఒప్పందం చేసుకొని మద్రాసులో మంత్రివర్గం ఏర్పరచి జపానును ఎదుర్కోవాలన్నాడు. ఆ ప్రతిపాదన తిరస్కృతం కావడంతో కార్యవర్గం నుండి తప్పుకున్నాడు. అలహాబాదులో కార్యవర్గం విదేశీ సైన్యాలు భారతదేశంలో ఉండటాన్ని గురించి వాదించింది. జులై 14న వార్ధా తీర్మానం దీనికి ఒక పరిష్కారం చూపింది. భారతదేశం స్వతంత్రమైతే మిత్రరాజ్యాల సైన్యాలు ఇక్కడ ఉండటానికి అంగీకరిస్తామన్నది. సైనికుల ఉనికి కంటే సమ్మతి ముఖ్యమన్న సూత్రం ఇక్కడ కూడా నిలిచింది.

జులై 29 తేదీతో ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘం పేర జారీ అయిన సర్క్యులరు రానున్న ఉద్యమ కార్యక్రమాన్ని వివరించింది. తంతితీగలు కోయడం వంటి అంశాలు అందులో ఉండటంతో, హింసకు కాంగ్రెసే బాధ్యురాలని నిరూపించడానికి ప్రభుత్వం 1943లో ప్రచురించిన పుస్తకంలో దీనిని సాక్ష్యంగా చూపింది. ఆగస్టు 8న బొంబాయిలో క్విట్ ఇండియా తీర్మానం నెగ్గింది. ఆగస్టు 12న తెనాలిలో రైల్వే స్టేషను దహనమై, పోలీసు కాల్పులలో ఏడుగురు మరణించారు.

అహ్మద్‌నగర్ కోటలో

ఆగస్టు 9 తెల్లవారుజామున కార్యవర్గ సభ్యులతో పాటు పట్టాభిని అరెస్టు చేసి అహ్మద్‌నగర్ కోటకు తరలించారు. నెహ్రూ, పటేల్, ఆజాద్, కృపలానీ, నరేంద్రదేవ్, పంత్ మొదలైన పన్నెండుమంది అక్కడ ఉన్నారు. మొదట కొంతకాలం వారికి వార్తాపత్రికలు, ఉత్తరాలు కూడా అందలేదు. నెహ్రూ తన భారతదర్శన గ్రంథాన్ని అక్కడే రాశాడు. పట్టాభి దినచర్య రూపంలో రాసుకున్న విషయాలు 1946లో ఫెదర్స్ అండ్ స్టోన్స్ అనే ఆంగ్ల గ్రంథంగా వెలువడ్డాయి. సుమారు మూడేళ్ళ నిర్బంధం తరువాత 1945 జూన్‌లో కార్యవర్గ సభ్యులు విడుదలయ్యారు. అప్పటికి యుద్ధంలో సుమారు 87 వేలమంది భారత సైనికులు మరణించారు. 1943 బెంగాలు కరవులో లక్షలాది ప్రజలు ఆకలికి, వ్యాధులకు బలయ్యారు.

యుద్ధానంతరం

యుద్ధం ముగిసినా ప్రశ్న ముగియలేదు. 1945 చివర భారత దళాలను ఇండోనేషియాలో డచ్చివారి, ఇండో-చైనాలో ఫ్రెంచివారి అధికార పునరుద్ధరణకు తోడ్పడేలా వాడారు. ఒక వలసదేశపు సైనికులను మరొక వలసదేశపు స్వాతంత్ర్యాన్ని అణచడానికి పంపడాన్ని కాంగ్రెసు తీవ్రంగా నిరసించింది. ఇదే సమయంలో ఢిల్లీ ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజు అధికారుల విచారణ జరిగింది. ఒకప్పుడు బోసు మార్గాన్ని వ్యతిరేకించిన కాంగ్రెసే వారి పక్షాన న్యాయవాదులను నిలిపింది. 1946 నవంబరు చివరికి భారత దళాలు ఇండోనేషియా నుండి వైదొలగాయి.

పట్టాభి కాంగ్రెసు చరిత్ర రెండవ సంపుటాన్ని 1947లో ప్రచురించాడు. 1935 నుండి స్వాతంత్ర్యం వరకు జరిగిన సంఘటనలు ఇందులో ఉన్నాయి. యుద్ధకాలపు తీర్మానాలు, వైస్రాయి ప్రకటనలు, వ్యక్తి సత్యాగ్రహం, క్రిప్సు రాయబారం, క్విట్ ఇండియా ఇందులో విస్తారంగా చోటు చేసుకున్నాయి. కార్యవర్గంలో కూర్చుని నిర్ణయాలలో పాల్గొన్న వ్యక్తే చరిత్రకారుడు కావడం ఈ గ్రంథానికి బలమూ, పరిమితీ. ఆయన కాంగ్రెసు పక్షాన రాశాడన్నది స్పష్టం. రాయిస్టుల, కమ్యూనిస్టుల వాదాలను తెలుసుకోవాలంటే వారి రచనలనే చూడాలి.

కాంగ్రెసు అధ్యక్షత, గవర్నరు పదవి

పట్టాభి రాజ్యాంగ సభ సభ్యుడు. చీఫ్ కమీషనరు పాలనలోని ప్రాంతాల పరిపాలనను పరిశీలించిన సంఘానికి అధ్యక్షుడిగా వ్యవహరించాడు. 1948లో పురుషోత్తమదాస్ టండన్‌పై గెలిచి కాంగ్రెసు అధ్యక్షుడై, డిసెంబరులో జైపూరు మహాసభకు అధ్యక్షత వహించాడు. భాషారాష్ట్రాల విషయమై నెహ్రూ, వల్లభభాయ్ పటేల్, పట్టాభి సభ్యులుగా ఏర్పడిన సంఘం జె.వి.పి. కమిటీగా ప్రసిద్ధం. భాషారాష్ట్రాల ఏర్పాటును వాయిదా వేయాలని, మద్రాసు నగరాన్ని వదులుకుంటే ఆంధ్ర రాష్ట్రాన్ని ఏర్పరచవచ్చునని 1949 నివేదికలో సూచించారు. భాషారాష్ట్రాల కోసం తొలినుండి వాదించిన వ్యక్తి ఈ నివేదికపై సంతకం చేయడం ఆంధ్రలో విమర్శలకు దారితీసింది.

1952లో మధ్యప్రదేశ్ గవర్నరుగా నియమితుడై 1957 వరకు కొనసాగాడు. ఆ దశాబ్దంలో స్వతంత్ర భారతదేశం విదేశాలకు సైనికులను పంపే విషయంలో సొంతంగా నిర్ణయాలు తీసుకోసాగింది. కొరియా యుద్ధానికి పోరాడే దళాలను పంపక, 1950లో వైద్యదళాన్ని మాత్రమే పంపింది. 1953లో యుద్ధఖైదీల సంరక్షణకు ఒక దళాన్ని, 1956లో ఐక్యరాజ్యసమితి శాంతిసేనలో భాగంగా గాజాకు ఒక దళాన్ని పంపింది. ఈ నిర్ణయాలపై పార్లమెంటులో ప్రశ్నలు, విమర్శలు వచ్చాయి. ప్రజాప్రతినిధులకు జవాబు చెప్పవలసిన ప్రభుత్వమే సైనికులను పంపడం 1939 నాటికీ అప్పటికీ ఉన్న తేడా.

పట్టాభి సీతారామయ్య 1959 డిసెంబరు 17న హైదరాబాదులో మరణించాడు.

రచనలు

పట్టాభి ప్రధానంగా ఆంగ్లంలో రచనలు చేశాడు. వాటిలో ముఖ్యమైనవి:
* భారత జాతీయ కాంగ్రెసు చరిత్ర, మొదటి సంపుటం (1935)
* గాంధీ అండ్ గాంధీయిజం (1942)
* ఫెదర్స్ అండ్ స్టోన్స్ (1946)
* భారత జాతీయ కాంగ్రెసు చరిత్ర, రెండవ సంపుటం (1947)

అంచనా

పట్టాభి ఉద్యమకారుడిగా కంటే సంస్థల నిర్మాతగా, చరిత్రకారుడిగా ఎక్కువకాలం నిలిచాడు. ఆయన బ్యాంకు దాదాపు నూరేళ్ళు పనిచేసింది. ఆయన చరిత్ర గ్రంథాలు పరిశోధకులకు నేటికీ ఆధారంగా ఉన్నాయి. యుద్ధాన్ని గురించి ఆ తరంలో గాంధీ, నెహ్రూ, రాజాజీ, బోసు, కమ్యూనిస్టులు, రాయిస్టులు భిన్నమైన జవాబులు చెప్పారు. ఎవరి జవాబు సరైనదన్న వాదం చరిత్రకారుల మధ్య కొనసాగుతూనే ఉంది. సైనికుడి ప్రాణం ఎవరి నిర్ణయంపై ఆధారపడుతుందో ఆ నిర్ణయం చేసేవారు అతని ప్రజలకు జవాబుదారీ కావాలన్న విషయంలో మాత్రం ఆ భిన్నపక్షాలలో చాలావరకు ఏకాభిప్రాయం ఉండేది. ఆ ఏకాభిప్రాయం ఎన్ని తీర్మానాలు, ఎన్ని రాజీనామాలు, ఎన్ని జైలుశిక్షల తరువాత ఏర్పడిందో పట్టాభి గ్రంథాలు వివరంగా తెలియజేస్తాయి.